మంచి కబురుకు సైకిలు బెల్లు

ఉదయగిరి,
20-11-1999, శనివారం.

పూజ్యులైన మాల్యాద్రి మామగారికి, ఓబమ్మ అత్తగారికి,

మీ కృపారాణి నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం. ఇక్కడ నేను, మా ఆయన పాల్, నాయన దేవుని దయవల్ల బాగున్నాము. అక్కడ మీరిద్దరూ, మీ బర్రెలూ బాగున్నారని తలుస్తాను. సోమశిల డ్యాము గేట్లు ఎత్తారని రేడియోలో విన్నాము. కాలనీ దాకా నీళ్ళు రాలేదు కదా?

కవరు వెనక రాసిన రెండు మాటలు చూసి దీన్ని విప్పావని నా నమ్మకం మామా. గొప్పలు చెప్పుకోవడానికే రాస్తున్నాను, దాచుకునేదేమీ లేదు. అందులో నీ గొప్ప కూడా సగం ఉంది కాబట్టి మధ్యలో మడిచి చూరులో దోపకు.

ఇంకొక మాట కూడా మొదట్లోనే అనేస్తాను. నిరుడు మే నెలలో నా పెళ్ళికి నువ్వు రాలేదు. అప్పటి నుంచి ఈ ఇంట్లో నీ పేరు ఎత్తితే నాయన లేచి వాకిట్లోకి వెళ్ళిపోతాడు. ఆత్మకూరు పోస్టాఫీసులో నాయన టెలిగ్రాం రాసి మడిస్తే నువ్వు సైకిలు మీద చేర్చేవాడివి. మీ సర్వీసంతా అలాగే గడిచింది. అలాంటి మీరిద్దరూ పలకరింపు కూడా లేకుండా ఉండటం నాకు మింగుడు పడటం లేదు. ఈ ఉత్తరం పూర్తయ్యేసరికి నిన్ను ఉదయగిరి బస్సు ఎక్కించాలన్నదే నా పట్టుదల. నాయనకు చూపించే పంపుతున్నాను. "రాసుకోమ్మా, నాకేంది, నేను మాత్రం చేవ్రాలు పెట్టను" అని అన్నాడు.

సరే, కబుర్లకు వస్తాను.

దుర్గం కొండ కింద మా గరిటెల షెడ్డు నీకు తెలిసిందే. శీనమ్మ, సారా, ఇంకా కొంతమంది ఆడవాళ్ళం కలిసి నర్ది కట్టెతో గరిటెలు, చెంచాలు, దువ్వెనలు చేస్తాము. ఇన్నాళ్ళూ మద్రాసు నుంచి ఒక వ్యాపారి వచ్చి చేసినదంతా కొనుక్కుని పోయేవాడు. ఈ వేసవిలో ఆయన రాలేదు. ప్లాస్టిక్కు గరిటెలకే గిరాకీ ఉందని, ఇక రానని కబురు పెట్టాడు. చేసిన సరుకు గోనె సంచుల్లో అలాగే ఉండిపోయింది. శీనమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. "క్రిస్మస్ లోపల గిరాకీ రాకపోతే మేము కందుకూరు పొగాకు పనికి పోతామమ్మా. నువ్వు చదువుకున్నదానివి, ఏదో ఒకటి చేసుకుంటావు. మేమేం చేస్తాము, గరిటెలు వండుకోని తింటామా?" అని. ఒకసారి వాళ్ళు చెల్లాచెదురైతే ఆ పని మళ్ళీ ఉదయగిరిలో కూడుకోదని నాకు తెలుసు.

హైదరాబాదు ఎగ్జిబిషనులో మేము స్టాలు పెట్టినప్పుడు బెంగుళూరు, పూనా, బొంబాయి షాపుల వాళ్ళు మా గరిటెలు పట్టుకుని చూసి కార్డులు ఇచ్చి పోయారు. ఫోటోలు, ధరలు పంపమన్నారు. ప్రతి కార్డు కింద ఈమెయిలు అని ఒక అడ్రసు ఉంది. ఈమెయిలు అంటే ఏమీ లేదు మామా, కంప్యూటరులో టైపు కొట్టిన ఉత్తరం ఫోను తీగ మీద పోతుంది. ఆత్మకూరు బస్టాండు దగ్గర రామనారాయణ అనే ఆయన ఎస్టీడీ బూతులో కంప్యూటరు పెట్టాడు. నెల్లూరుకు ఫోను కలిపితే అది కీచుకీచుమని అరిచి అందుకుంటుంది.

తీగ మీద వార్త అనగానే నాయన ఊరుకుంటాడా! ఉతికిన చొక్కా తొడుక్కుని నాతో బయలుదేరాడు. బూతులో కూర్చుని, మెయిలు తానే రాస్తానన్నాడు. ఆయన ఇంగ్లీషు సంగతి నీకు తెలియనిదా? టెలిగ్రాం అలవాటు ప్రకారం మొత్తం పెద్దక్షరాల్లో కొట్టించాడు. పైన "అర్జెంట్" అని పెట్టాడు. తర్వాత మా చర్చి పద్ధతిలో, సాటిలేని ప్రభువు నామమున మిక్కిలి ప్రియులైన మీకు వందనములు అని సగం పేజీ. ఆ తర్వాత గరిటెలు. చివర "ఫ్రీ శాంపిల్" అని రెండు ఆశ్చర్యార్థకాలు. ఒక్కొక్కరికి వేరుగా ఎందుకు, దండగ అని ఆ ఒక్కదాన్నే కార్డులిచ్చిన వాళ్ళందరికీ ఒకేసారి తోసేశాము. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు కూడా అది చాలా బాగుందనే అనిపించింది.

వారం గడిచింది, ఇంకొక వారం గడిచింది. జవాబు లేదు. తిరిగి కూడా రాలేదు. అడ్రసు తప్పయితే తిరిగొస్తుందని రామనారాయణ చెప్పాడు. నాయనకు అన్నం సయించలేదు. "నేను పంపిన వార్త చేరకపోవడమనేది నా సర్వీసులోనే లేదు. ఎక్కడో లైను తెగిండాది, కంప్లయింటు పెట్టు" అని రామనారాయణ మీద పడ్డాడు. చేరినట్టు రసీదు ఇవ్వమని కూడా అడిగాడు. కంప్యూటరు రసీదు ఇవ్వదని చెబితే, "రసీదు ఇవ్వనిది ఏం ఆఫీసయ్యా ఇది?" అని కోప్పడ్డాడు.

చివరికి నేనే ధైర్యం చేసి బెంగుళూరు షాపామెకు ఫోను చేశాను. ఆమె పేరు నవ్యశ్రీ, పుట్టింది మన కావలిలోనే. మీ మెయిలేదీ రాలేదండీ అంది. పంపామండీ అన్నాను. కాసేపు వెతికి పకపకా నవ్వింది. "దొరికిందండీ. చెత్త మెయిళ్ళు పడే డబ్బాలో ఉంది. పైన బట్టతల మీద వెంట్రుకలు మొలిపించే నూనె, కింద లాటరీ, మధ్యలో మీ గరిటెలు" అంది.

నాకు ఒళ్ళు మండింది. నా గరిటెలు బట్టతల నూనె పక్కనా!

ఆమె మంచిది, విడమరిచి చెప్పింది. అడగకుండా వచ్చి పడే ప్రకటనలు ఎక్కువైపోయాయని ఈ మెయిలు కంపెనీల వాళ్ళు ఒక జల్లెడ పెట్టుకున్నారట. మనిషి చూడకముందే మెయిలును అది చూస్తుందట. అన్నీ పెద్దక్షరాలైతే ఎవడో అరుస్తున్నాడని, అర్జెంట్ అంటే మోసమని, ఫ్రీ అంటే గాలమని దాని లెక్క. ఒకే ఉత్తరం ఊరందరికీ పోతే ఇక చెప్పనే అక్కరలేదు, తీసి చెత్తలో వేస్తుంది. "జల్లెడ వదిలినా నేనే తీసేసి ఉండేదాన్నేమోనండీ. పైన వందనాలు చూసి గుడి కట్టడానికి చందా అడుగుతున్నారనుకుని ఉండేదాన్ని" అని కూడా అంది. ఆ మాట నాయనకు ఎలా చెప్పాలా అని ఆత్మకూరు నుంచి వింజమూరు దాకా బస్సులో మాటలు వెతుక్కున్నాను.

ఆ బస్సులోనే నువ్వు గుర్తొచ్చావు మామా.

ఆత్మకూరులో పోస్టాఫీసు వెనక మనం ఉన్న రోజులు. అప్పుడు టెలిగ్రాం అంటే చావు కబురే అని ఊళ్ళలో లెక్క. ఖాకీ చొక్కాతో నీ సైకిలు వీధిలో కనబడితే చాలు, ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. చేజర్లలో సుబ్బరత్నమ్మ గారి ఇంట్లో జరిగింది నువ్వే కదా మాకు వచ్చి చెప్పావు. వాళ్ళ కొడుక్కు రైల్వేలో ఉద్యోగం వచ్చిందని టెలిగ్రాం. నిన్ను చూడగానే ఆమె తలుపు గడియ వేసుకుని లోపల శోకాలు మొదలుపెట్టింది. చుట్టుపక్కల వాళ్ళు చేరి వాళ్ళూ ఏడ్చారు. నువ్వు బయట నిలబడి "మంచిదేనమ్మా, మంచిదే" అని అరుస్తుంటే ఒక్కరూ వినలేదు. ఉద్యోగం వచ్చిన ఇంట్లో పొయ్యి మీది అన్నం మాడిపోయింది.

ఆ తర్వాతే నువ్వు ఆ పద్ధతి పెట్టావు. మంచి కబురైతే వీధి మొదట్లోనే బెల్లు కొట్టడం, గుమ్మం దాకా కొడుతూనే పోవడం. చెడ్డదైతే వీధి మొదట్లో సైకిలు దిగి, చప్పుడు లేకుండా నడిపించుకుని పోవడం. కొన్నాళ్ళకు అన్ని ఊళ్ళకూ అది తెలిసిపోయింది. నీ బెల్లు వినబడితే తలుపులు వాటంతట అవే తెరుచుకునేవి. పిల్లలు నీ వెంట పరుగెత్తేవాళ్ళు, ఎవరో ఒకరు బెల్లం ముక్క చేతిలో పెట్టేవాళ్ళు.

ఇందులో నాయన చేతిపని ఉందని నాకు చిన్నప్పుడే తెలుసు. నీకు ఇంగ్లీషు రాదు. ఏది మంచిదో ఏది చెడ్డదో నీకెలా తెలుస్తుంది? ఒకరి టెలిగ్రాం ఇంకొకరికి చదివి చెప్పడం రూల్సులో లేదని నాయన మూతి బిగించుకునేవాడు. బిగించుకునే, మంచి కబురును మాత్రం మడత పైకి వచ్చేట్టు నీ చేతికి ఇచ్చేవాడు. నువ్వు మడత చూసి బెల్లు కొట్టేవాడివి. మీరిద్దరూ దాని గురించి ఒక్క మాట అనుకోగా నేను వినలేదు. ఆ మడత, ఆ బెల్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఛాతీ పొంగుతుంది.

బస్సు ఉదయగిరి చేరేసరికి నాకు సంగతి బోధపడింది. మా మెయిలు కూడా సుబ్బరత్నమ్మ గారి గుమ్మం ముందు నిలబడి అరిచింది. ఎంత అరిస్తే అంత గట్టిగా గడియ పడింది. మనం ఎవరమో, ఏ పని మీద వచ్చామో వీధి మొదట్లోనే తెలియాలి. మెయిలుకు కూడా పైన ఒక వరుస ఉంటుంది, విప్పకముందే కనబడేది. నాయన అర్జెంట్ అని పెట్టింది అక్కడే. నేను అక్కడ బెల్లు పెట్టాలనుకున్నాను.

మళ్ళీ ఆత్మకూరు పోయి కూర్చున్నాను. ఈసారి ఒక్కొక్కరికి ఒక్కొక్కటి, వాళ్ళ పేరుతో. పై వరుసలో "హైదరాబాదు స్టాలులో మీరు అడిగిన అట్లకాడ, ఉదయగిరి నుంచి" అని. గరిటె అడిగిన వాళ్ళకు గరిటె అని, దువ్వెన అడిగిన వాళ్ళకు దువ్వెన అని. ఎవరు ఏది పట్టుకుని చూశారో సారాకు బాగా గుర్తుంది. లోపల నాలుగే మాటలు, మామూలు అక్షరాల్లో, ఫ్రీ అనే ఊసు లేకుండా. అవసరం లేదంటే చెప్పండి, ఇంకెప్పుడూ రాయము అన్నాను. చివర ఒక ప్రశ్న: పిడి జానెడు పెట్టమంటారా, మూరెడా? ప్రశ్న ఉంటే మనిషి జవాబిస్తాడు. ఒక్కసారి జవాబు వస్తే మనం తెలిసిన వాళ్ళమని ఆ జల్లెడకూ అర్థమవుతుందని నవ్యశ్రీ చెప్పింది. మా అడ్రసును మీ అడ్రసు పుస్తకంలో రాసుకోండి అని కూడా ఒక ముక్క కలిపాను. అందులో ఉన్న పేరును జల్లెడ ఆపదట.

రామనారాయణ ఇదంతా చూసి ఒక ఫ్లాపీ తీశాడు. "వేల అడ్రసులు ఉండాయి దీంట్లో. ఒక్క దెబ్బకు దేశమంతా కొట్టేస్తాం. ఒకటీ అరా పంపుకుంటా ఎంతకాలం కూర్చుంటావమ్మా?" అని. నాయన కళ్ళు మెరిశాయి. నేను ఒప్పుకోలేదు. "మనల్ని పిలవని వీధిలో బెల్లు కొడితే ఆ బెల్లుకు ఇంక విలువ ఉంటుందా నాయనా? మాల్యాద్రి మామ ఉత్తినే ఎప్పుడన్నా కొట్టినాడా?" అని అడిగాను. నీ పేరు వినగానే లేచి బయటికి పోతాడనుకున్నాను. పోలేదు మామా. కుర్చీలోనే కూర్చుని కిటికీ వైపు చూస్తూ, "లేదు, ఎప్పుడూ కొట్టలేదు" అన్నాడు.

ఆ తర్వాత నాయన నాకు ఎదురు చెప్పింది ఒక్క దాంట్లోనే. వందనం లేకుండా ఉత్తరం పంపడం మర్యాద కాదని పట్టుబట్టాడు. సరే, నా పేరు కింద చివర్లో ఒక్క వరుస పెట్టాను, మా ఇంటి వందనాలు అని. పూనా ఆయన గరిటెల సంగతి వదిలేసి ముందు దానికే జవాబు రాశాడు, మా ఇంటి నుంచి కూడా మీకు వందనాలు అని. నాయన ఆ కాగితం అచ్చు తీయించుకుని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. గుడిలో పాస్టరుకు చూపించాడు, టీ కొట్టులో చూపించాడు, కరెంటు బిల్లు వాడికి కూడా చూపించాడు.

జవాబులు వచ్చాయి మామా! కొందరు వద్దన్నారు, వాళ్ళ పేర్లు తీసేశాను. కొందరు ఇంకా పలకలేదు. పూనా ఆయన, బొంబాయి ఆయన కొద్దిగా అడిగారు. నవ్యశ్రీ మాత్రం సంచుల్లో ఉన్న సరుకంతా తీసుకుని, సంక్రాంతి లోపల ఇంకా అంత కావాలంది. అది షెడ్డులో చదివి వినిపిస్తుంటే శీనమ్మ ఆకురాయి పక్కన పెట్టి, "ఇంకోసారి చదువమ్మా, ఇంగ్లీషులోనే చదువు, వినడానికి బాగుండాది" అంది. మళ్ళీ చదివాను. కందుకూరు పోదామని కట్టుకున్న మూట విప్పి, అందులోంచి తన మంచి ఉలి బయటికి తీసింది. అంటే ఉలి కూడా సర్దుకుంది చూడు! ఇప్పుడు కొత్తగా ఇద్దరు పని నేర్చుకోవడానికి వస్తున్నారు. షెడ్డులో కూర్చోవడానికి చోటు చాలడం లేదు.

నాకు గర్వంగా ఉంది. ఎవరేమనుకున్నా సరే, చాలా గర్వంగా ఉంది. ఆ జల్లెడ మనిషి కాదు, దానికి జాలి లేదు, మొహమాటం లేదు. దాన్ని మోసం చేయకుండా, మేము ఎవరమో చెప్పుకునే దాటాము. ఆ విద్య నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. నాయన మడత, నీ బెల్లు, అంతే.

డిసెంబరు నాలుగో తారీఖు శనివారం ఉదయం మొదటి సరుకు లారీకి ఎక్కిస్తాము. పాస్టరు గారు ప్రార్థన చేస్తారు, శీనమ్మ కొబ్బరికాయ కొడుతుంది, ఎవరి పద్ధతి వాళ్ళది. లారీని సాగనంపడానికి నువ్వే రావాలని ఆడవాళ్ళందరి మాట. నేను నీ కథ అందరికీ చెప్పేశాను. అత్తను కూడా తీసుకుని శుక్రవారమే రా. రాత్రికి కోడికూర, రాగి సంగటి.

ఇట్లు,
మీ కోడలి లాంటిది,
కృపారాణి.

తాజా కలం: మామా, నాయన ఉత్తరం చదివి ఇచ్చాడు. పేరు దగ్గరికి రాగానే కళ్ళజోడు తీసేశాడు. టెలిగ్రాంలో పేరు తర్వాత ఇంకేమీ ఉండదు కదా, ఆయనకు అదే అలవాటు. అందుకే అసలు మాట ఇక్కడ రాస్తున్నాను.

పోయిన బుధవారం ఆత్మకూరు బస్టాండులో ఓబమ్మ అత్త కనబడింది. మొహం తిప్పుకుంది. నేనే పోయి చెయ్యి పట్టుకున్నాను. "పెండ్లికి పిలవనిదానివి, ఇప్పుడేందిలే పలకరింపు" అంది. పిలిచాము అత్తా, నాయన రిజిస్టరు పోస్టులో పంపితే మీరే వెనక్కి తిప్పారు కదా అన్నాను. అత్త నా చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది. "అయ్యో, రిజిస్టరుదా! రిజిస్టరు కవరంటే మీ మామ చేత్తో కూడా తాకడమ్మా. డ్యామోళ్ళ దగ్గర్నుంచి ఒక కవరు వచ్చి ఇల్లు పోయినాది, ఇంకొకటి వచ్చి చేను పోయినాది, ఊరే డ్యాము కింద మునిగిపోయినాది. అప్పటినుంచి పోస్టుమాను రిజిస్టరు అంటే చాలు, ఎవరిదని కూడా అడక్కుండా తీసకపొమ్మంటాడు" అని ఏడ్చింది. ఈ సంగతి నీకు నేనే రాస్తాను, అప్పటిదాకా చెప్పొద్దని అత్తను బతిమాలాను.

పెళ్ళి ముందు నాయనకు కంటి ఆపరేషను అయి కట్టు ఉంది, బస్సు ఎక్కొద్దన్నారు. నీ పిలుపు దారిలో పోకూడదని, మా పిలుపులన్నిటిలో నీ ఒక్కదాన్నే రిజిస్టరు చేయించాడు. అది తిరిగొచ్చింది. తర్వాత రాసిన ఉత్తరాలూ రిజిస్టరే చేయించాడు, అవీ తిరిగొచ్చాయి. తెలిసే తిప్పి పంపావని ఆయన అనుకున్నాడు. అసలు పిలవనే లేదని నువ్వనుకున్నావు. మీ ఇద్దరి మధ్య తగువు ఎప్పుడూ లేదు మామా, జల్లెడ ఒక్కటే ఉంది.

నాయనకు ఇంకా చెప్పలేదు. చెబితే సంతోషం పట్టలేక నీకు ఇంకొకటి రిజిస్టరు చేస్తాడు. ఈ ఉత్తరం కూడా రిజిస్టరు చేయమనే నన్ను పంపాడు. నేను మామూలు స్టాంపు అంటించి, కవరు వెనక "మంచి కబురు" అని పెద్దగా రాసి డబ్బాలో వేస్తున్నాను. మడత కూడా పైకే పెట్టాను, చూసుకో.

ఇప్పటికీ వీధిలో సైకిలు బెల్లు మోగితే నాయన పేపరు దించి గుమ్మం వైపు చూస్తాడు. పాలవాడని తెలిసి మళ్ళీ ఎత్తుకుంటాడు. శుక్రవారం వచ్చేటప్పుడు నీ పాత బెల్లు ఊడదీసి సంచిలో వేసుకుని రా మామా. మా వీధి మొదట్లోనే కొట్టు.